గాలి ఎక్కువ, సారా తక్కువ

ఉప్పు వచ్చిన అరవై మూడో ఏడు, వైశాఖ శుద్ధ తదియ

ఆకాశం తెలుపు. గాలి లేదు. మనిషికి గాని చెట్టుకు గాని నీడ పడలేదు. పొద్దున్నే జీపు రేడియేటర్‌లో నీళ్ళు మార్చాను. పాత నీళ్ళు తుప్పు రంగుకు తిరిగాయి. పాదులకు పనికిరావు, గట్టు కింద పారబోశాను.

ఇంటి మీది సోలార్ పలకలు ఇవాళ కూడా ఒక్క బల్బు వెలగడానికి సరిపడా ఇవ్వలేదు. భూమి వేడెక్కిపోతోందని పొడి చల్లి ఆకాశానికి సున్నం కొట్టిన పాతకాలపు మేధావులకు, కింద తమ పలకలన్నీ ఆ ఎండ మీదే బతుకుతున్నాయన్న సంగతి తట్టలేదు. సముద్రం మాత్రం ఆగలేదు. పల్లపు ఊళ్ళన్నీ ఉప్పులో కలిశాయి. వాళ్ళు ముద్దుచేసిన బ్యాటరీ కార్లలో ఇప్పుడు కోళ్ళు పొదుగుతున్నాయి. పొగ అని తిట్టి పారేసిన ఇంజన్లనే మేము వెతికి తెచ్చి, ఇప్పసారా పోసి తిప్పుకుంటున్నాము.

మా దిగువపేటకు ఉన్న బండి ఈ జీపు ఒక్కటే. బాగుచేసేది నేను. తోలేది అసిరయ్య. వాడు నా భార్య సింహాచలమ్మకు పినతండ్రి కొడుకు, తనకన్నా పెద్దదని ఆమెను అప్పా అంటాడు. నన్ను బావా అని పిలిచే హక్కు వాడికి అలా వచ్చింది. దాన్ని రోజంతా వాడుకుంటాడు.

మధ్యాహ్నం కొండ మీదికి పోయే ఘాటీ రోడ్డులో మొదటి మలుపు దాకా వెళ్ళి బండిని వెనక్కి దించుకొచ్చాడు.

"ఏటైంది?" అన్నాను.

"నీ బండికి ఆయాసం బావా. ఒకటో గేరులో కూడా ఎక్కనంటంది. ముందర పసుపు లైటు ఎలిగింది."

"ఎలిగితే ఏటి సేసినావు?"

"దండం ఎట్టి తిప్పీసినాను."

వాడి దగ్గర ఇంతకన్నా వైద్యం ఉండదు.

పౌర్ణమి నాటికి ఈ బండి ఘాటీ ఎక్కి తీరాలి. కొండ మీది పైమెట్టలో కళ్ళ డాక్టరు పౌర్ణమి నుంచి మూడు రోజులు కూర్చుంటాడు. ఆ తరువాత వానలు పడి ఘాటీ మూసుకుపోతుంది, కార్తీకం దాకా తెరవరు. సింహాచలమ్మ కుడి కంటి నిండా పువ్వు వేసింది. ఎడమ కన్ను బాగానే ఉందంటోంది. కోయకుండా వదిలేస్తే ఎడమ కంటికీ వస్తుందని, ఆలస్యమైతే కోసినా లాభం లేదని కిందటేడు ఆ డాక్టరే చెప్పాడు. అప్పుడే కోయొచ్చు కదా అంటే, ఇంకా ముదరాలన్నాడు. మామిడికాయనుకున్నాడు కాబోలు.

శుద్ధ చవితి

ఆకాశం తెలుపు. పడమటి గాలి కొంచెం. ఎలుకలు కొరికిన సీటు కుట్టాను.

ఇంజన్ కంప్యూటర్ చెప్పేది చదివే పాత రీడర్ పెట్టెను జీపుకు తగిలించాను. పొగగొట్టంలో ఆక్సిజన్ సెన్సార్ ఒకటి ఉంటుంది. ఇంజన్ ఏమి కాల్చిందో పొగ వాసన చూసి కంప్యూటర్‌కు చెప్పడం దాని పని. అది చెబుతున్నది ఒకటే మాట: గాలి ఎక్కువ, సారా తక్కువ. కంప్యూటర్ దాన్ని నమ్మి సారా పెంచుతూ పోయి, పెంచడానికి వీల్లేని చోట ఆగి, పసుపు లైటు వెలిగించింది.

గాలి ఎక్కడైనా దొంగతనంగా లోపలికి పోతోందా అని గొట్టాలన్నిటికీ సబ్బు నురగ రాశాను. నురగ ఎక్కడా కదల్లేదు. పంపు ఒత్తిడి సరిగ్గా ఉంది. ప్లగ్గులు శుభ్రం. ఇక మిగిలింది సెన్సార్. అబద్ధం చెబుతోందని తేల్చుకున్నాను. కాలం చేసిన వాళ్ళ సరుకు, ఇన్నాళ్ళు నిజం చెప్పడమే ఎక్కువ.

ఊరి బండి లెక్కలు చూసే డిపోకు వెళ్ళాను. అక్కడ పైమెట్ట నుంచి వచ్చిన ఇంజనీరు పిల్ల ఉంది, మజ్జి వినీల. ఊళ్ళో ఆమెను ఎరగని కుక్క కూడా లేదు, అయినా మెడలో పేరు కార్డు వేసుకుంటుంది.

"కొత్త సెన్సార్ కావాల," అన్నాను.

"పాతది పోయిందని ఎలా తెలిసింది, పోలినాయుడు గారూ?"

"అబద్ధం సెప్తంది. సారా తక్కువంటంది. టాంకు నిండా ఉన్నాది."

"నిండా ఉండడం వేరండీ. ఒక సీసాలో పట్టి తెండి. గాజు గొట్టం వేసి తేల్చి చూస్తే నీరెంతుందో తెలిసిపోతుంది."

"అది మా ఇంటిది కాసిన సారా."

"ఎవరు కాచినా అదే అడుగుతాను."

ఈ దిగువపేటలో బట్టీ పెట్టినప్పటి నుంచి సింహాచలమ్మ సారాను తేల్చి చూస్తానన్న మనిషి లేడు. లేచి వచ్చేశాను. "పాత సెన్సార్ పారేసే ముందు ఒకసారి మంటలో పెట్టి మీటర్ చూడండి" అని వెనక నుంచి పాఠం చెప్పింది. చెప్పులు వేసుకోవడం కూడా నేర్పుతుందేమోనని కాసేపు గుమ్మంలో ఆగాను. నేర్పలేదు.

శుద్ధ షష్ఠి

ఆకాశం తెలుపు, ఉక్క. నిన్నంతా స్పానర్లకు తుప్పు గీకాను. ఇవాళ ఉప్పుగట్టుకు దిగాను.

ఉప్పుగట్టు అంటే సముద్రం ఆగిన గీత. పాత హైవే అక్కడే నీళ్ళలోకి దిగిపోతుంది. ఊళ్ళు మునిగిన రోజున జనం కార్లలో బయలుదేరి ఒకరి వెనక ఒకరు ఆగిపోయారు. అవి ఇప్పటికీ అదే వరుసలో ఉన్నాయి. ఒక్కొక్క కారులో అరడజను కెమెరాలు. సీటు వేడెక్కడానికి ఒక మీట, చల్లబడడానికి ఇంకొక మీట. వాటిలో కూర్చున్నవాళ్ళు ఎదర ఉన్న సముద్రాన్ని తప్ప అన్నీ చూసుకున్నారు.

కింది వరుస కార్లను ఉప్పు తినేసింది. ఫ్లైఓవర్ మీద మిగిలిన ఒక తెల్ల కారుకు పొగగొట్టం గట్టిగా ఉంది. కిందికి దూరి సెన్సార్ విప్పాను. మొన మీద బూడిద రంగు తప్ప మసి లేదు. నూనె బట్టలో చుట్టి జేబులో పెట్టుకున్నాను. వెనక సీటులో పిల్లల బూటు ఒకటి ఉంది. దాన్ని ముట్టుకోలేదు.

ఇంటికి వచ్చేసరికి సింహాచలమ్మ కుడి అరచేతికి గుడ్డ కట్టుకుని ఉంది. ఏమిటంటే కుండ తగిలిందంది. కొబ్బరినూనె రాయమన్నాను.

శుద్ధ సప్తమి

ఆకాశం తెలుపు. తెల్లవారుజామున చినుకు పడి ఆగింది. నీళ్ళ తొట్టి కడిగాను.

సెన్సార్ మార్చాను. పాతది పొగగొట్టానికి అతుక్కుపోయి ఉంది. మరకు ఆముదం పోసి, ఇంజన్ కాసేపు తిప్పి గొట్టం వేడెక్కాక స్పానర్ వేశాను. చల్లగా ఉన్నప్పుడు బలం చూపించే మొనగాళ్ళు మరలు తెంచుకుంటారు. వేడి మీద కీచుమని కదిలింది. గొట్టంలో మర శుభ్రం చేశాను. కొత్తదాని మరకు పెన్సిలు ముల్లు పొడి ఆముదంలో కలిపి రాశాను, మొనకు అంటకుండా. వైర్ల ప్లగ్గు కలవలేదు. అందుకని తెంపి రంగు చూసి కలిపాను. తెల్లవి రెండూ వేడి చేసే వైర్లు, ఎటు కలిపినా ఒకటే. నలుపుకు నలుపు, బూడిదకు బూడిద. టంకం వేసి, గుడ్డ టేపు చుట్టి, వేడి గొట్టానికి దూరంగా కట్టాను.

అసిరయ్య పక్కన కూర్చుని చూస్తూ పొగాకు నమిలాడు.

"పాతదానికి ఏటి రోగం బావా?"

"అబద్ధాలు."

"అయితే మనింట్లో సగంమందిని మార్చీయాల."

వాడి హాస్యానికి వాడే నవ్వుకున్నాడు.

శుద్ధ అష్టమి

ఆకాశం తెలుపు. పొద్దున్న గేటు కీలుకు నూనె వేశాను.

అసిరయ్యతో మొదటి మలుపు దాకా వెళ్ళాను. అక్కడికి పావు దూరంలోనే పసుపు లైటు వెలిగింది. బండి అదే దగ్గు దగ్గింది. రీడర్ పెట్టి చూస్తే అదే మాట. గాలి ఎక్కువ, సారా తక్కువ.

"కొత్తదీ అబద్ధాలకోరేనేటి?" అన్నాడు వాడు.

ఇంటికి వచ్చి పాత సెన్సార్‌ను టంకం దీపం మంటలో పెట్టి మీటర్ తగిలించాను. మంటలో ఉన్నంతసేపు ముల్లు ఒక వోల్టు దగ్గర నిలబడింది. బయటికి తీయగానే సున్నాకు పడింది. మళ్ళీ పెడితే మళ్ళీ లేచింది. ఇంతకన్నా చురుకైన సెన్సార్ ఉండదు. దానిలో ఏ జబ్బూ లేదు. ఎప్పుడూ లేదు.

ఆ పిల్ల చెప్పిన పరీక్ష ఇదే. నాలుగు రోజుల ముందు చెప్పింది. ఈ సంగతి ఆమెకు చెప్పవలసిన అవసరం కనబడలేదు.

శుద్ధ నవమి

ఆకాశం తెలుపు. గాలి దుమ్ము. కిటికీకి గోనె కట్టాను.

జీపులోని డబ్బా నుంచి ఒక గరిటెడు సారా తీసి చీకటి గదిలో ముట్టించాను. మంచి సారా కాలిపోతే గరిటె అడుగున తడి మిగులుతుంది, అంతే. మంట ఆరిపోయాక ఇందులో మూడో వంతు నీరు మిగిలింది. నాలుక మీద వేసుకుని చూశాను. గంజి నయం.

వెంటనే నాకు మూత సంగతి గుర్తొచ్చింది. మా వాళ్ళ ఆచారం ఒకటుంది. సారా డబ్బా చేతులు మారినప్పుడల్లా ఒక మూతెడు నేలతల్లికి పోస్తారు. వెలితి డబ్బా అందించడం అశుభం కనుక, పోసిన మేరకు నీళ్ళు కలిపి నిండుగా అందిస్తారు. నేలతల్లికి సారా, ఇంజన్‌కు నీళ్ళు. దీన్ని భక్తి అంటారు. డబ్బాలు బట్టీ నుంచి బండికి మోసేది అసిరయ్య. మూతెడు నేలకు పోసి చెంబెడు వాడు తాగి, ఆ మేరకు నీళ్ళు కలుపుతున్నాడని నాకు అర్థమైంది.

డిపోలో పదిమంది ముందు అడిగాను.

"నానా? తాగీసినానా?" అన్నాడు వాడు. "బావా, మూత నీల్లు అందరూ పోస్తారు. నువ్వూ పోస్తావు. మూతకి మించి నానేటీ సెయ్యనేదు."

"మూడో వంతు నీరు. మూతలెన్ని పోస్తే అంతవుద్ది?"

"నాకు లెక్కలు రావు గానీ దొంగతనం కూడా రాదు."

"నీకు ఏటొచ్చు? దండం ఎట్టడం తప్ప?"

జనం నవ్వారు. వాడు నవ్వలేదు. వినీల ఏదో చెప్పబోయింది. సారా దొంగ చేతిలో ఊరి బండి ఉంచుతారా అని గట్టిగా అడిగాను. ఫిర్యాదు వచ్చింది కాబట్టి విచారణ అయ్యేదాకా తాళం తన దగ్గర పెట్టమని ఆమె అసిరయ్యను అడిగింది. వాడు తాళం బల్ల మీద పెట్టి, నా వైపు చూడకుండా వెళ్ళిపోయాడు.

పైనుంచి ఇంకొక డ్రైవరును పంపమని అడిగాను. పౌర్ణమి తరువాత గాని వీలుకాదంది. ఘాటీలో నేను తోలలేను. ఒకసారి ప్రయత్నించి చింతచెట్టుకు ఆనించాను.

శుద్ధ ఏకాదశి

ఆకాశం తెలుపు. నిన్న డబ్బాలు కడిగాను. ఇవాళ కొత్త సారా పట్టడానికి నేనే బట్టీకి వెళ్ళాను.

బట్టీ ఊరి చివర పాకలో ఉంది. నేను అక్కడికి వెళ్ళి చాలా కాలమైంది, సారా ఇంటికే వస్తుంది కాబట్టి. కాచేటప్పుడు మొదట బలమైన సారా దిగుతుంది, పోనుపోను నీరవుతుంది. ఎక్కడ ఆపాలో మంట చెబుతుంది. ఇత్తడి గరిటెలో పట్టి ముట్టిస్తే నీలంగా కాలినంతసేపు పట్టుకోవాలి, పసుపు తిరగగానే ఆపేయాలి. ఈ తెల్ల వెలుగులో సారా మంట బయట ఎవరికీ కనబడదు. అందుకని బట్టీ కాచే ఆడమనిషి నల్ల గొంగడి కప్పుకుని దాని కింద చూస్తుంది. ఇంకొకరు తల దూర్చకూడదు, దూర్చితే సారా విరిగిపోతుందంటారు. సారా పాలు కాదని నేను ఎన్నోసార్లు అన్నాను. అయినా తల దూర్చలేదు. నమ్మి కాదు, పనిలేక.

సింహాచలమ్మ గొంగడి కింద కూర్చుని ఉంది. నేను వెనక వైపు నుంచి వచ్చాను. గొంగడి చిరుగులోంచి గరిటె కనబడింది. మంట పసుపుగా, దీపం వత్తిలా కాలుతోంది. ఎప్పుడో ఆపవలసిన సారా. ఆమె మొహం మంట వైపు లేదు. పక్కకు తిరిగి ఉంది, చెవి ఒగ్గి వింటున్నట్టు. గుడ్డ విప్పిన అరచెయ్యి మంట మీద ఆడిస్తూ కొంచెం కొంచెంగా కిందికి దించుతోంది. సెగను బట్టి చూస్తోంది. చెయ్యి చురుక్కుమని తీసుకుంది. "ఉన్నాది ఇంకా" అనుకుంది తనలో తను.

గొంగడి ఎత్తాను.

"ఎవులు? అసిరీ?" అంది, నా మొహంలోకి చూస్తూ.

"నానే."

సారా డబ్బాలోకి కారుతూనే ఉంది.

"ఎడమది బాగున్నాదన్నావు," అన్నాను.

"మాగమాసం దాకా బాగానే ఉన్నాది."

"నాకు సెప్పాల కదా."

"సెప్తే ఏటంటావు?" అంది. "డాక్టరుని తిడతావు. డిపో గుంటపిల్లని తిడతావు. అసిరిని తిడతావు. నన్ను తిట్టవు, నాకు తెలుసు. పుస్తకం తీసి ఏటో రాసుకుంటావు. సూపు పోన మంగమ్మ ముసిల్దానికి నువ్వేటి పేరెట్టినావు? గోడలు కొలిసీది. అదే పేరు నాకూ ఎడతావని సెప్పనేదు."

పొయ్యిలో కట్టె వెనక్కి లాగాను.

"అసిరి మీద నింద ఏసినావంట. ఆడు నిన్న పొద్దుకాడ వొచ్చి, అప్పా, నాను తాగనేదని ఏడిసినాడు. ఆడికీ సెప్పనేకపోనాను. కన్నున్నోల్లకే బట్టీ. నా కన్ను పోనాదని తెలిస్తే బట్టీ ఆడి పెల్లానికి ఎల్తాది."

ఇక్కడ రాయవలసింది ఒకటుంది. ఎవరికీ చెప్పకుండా ఈ సారానే మళ్ళీ కాచి, మంట నేను చూసి, మంచి డబ్బాలు నింపవచ్చని నాకు తట్టింది. బట్టీ సింహాచలమ్మకే ఉంటుంది. అసిరయ్య దొంగగా ఉండిపోతాడు. కానీ బండి తోలేవాడు ఉండడు, ఘాటీ మూసుకుపోతుంది, రెండు కళ్ళూ పోతాయి. అందులో నాకు తప్పుగా తోచింది మొదట ఆ చివరి భాగమే. అసిరయ్య సంగతి ఇంటికి నడిచి వస్తుంటే తోచింది.

శుద్ధ ద్వాదశి

ఆకాశం తెలుపు. పనేమీ చేయలేదు.

లేచేసరికి సింహాచలమ్మ ఇంట్లో లేదు. డిపో దారిలో గోడ పట్టుకుని నడుస్తోంది. పిలిచాను, ఆగలేదు. చెయ్యి పట్టుకోబోతే విడిపించుకుంది. వెనకే నడిచాను.

వినీల బల్ల ముందు నిలబడి, "నాకు మంట కనబడ్డం లేదమ్మా," అంది. "సారాలో నీరు నాది. అసిరి ఒక్క సుక్క ముట్టనేదు."

ఆ పిల్ల నా వైపు చూసింది. నేను గోడ మీది రూట్ మ్యాపు చూశాను.

"చెబితే బట్టీ పోతుందని తెలుసా అమ్మా?"

"తెలుసు."

"ఆపరేషన్ అయ్యాక మంట పరీక్ష పెడతాను. నీలం ఎక్కడ పోయిందో సరిగ్గా చెబితే బట్టీ మళ్ళీ మీదే."

"సెప్పనేకపోతే?"

"అప్పుడు ఇవ్వను."

ఓదార్పు మాటలు చెబుతుందేమోనని భయపడ్డాను. చెప్పలేదు. మెడలో కార్డు వేసుకునేవాళ్ళలో ఈమె కొంచెం నయం. సీసాలో సారా అడిగిన రోజున నేను తెచ్చి ఉంటే అని ఒక్క మాటా అనలేదు. అని ఉంటే బాగుండేది. తాళం నా చేతికిచ్చి, "మీరే ఇవ్వండి" అంది.

అసిరయ్య వాళ్ళ పెరట్లో చేప వల బాగుచేసుకుంటున్నాడు.

"ఏటి బావా, ఇంకా నేరాలు మిగిలిపోనాయేటి?"

"తాలం. తీసుకో."

"అంతేనా?"

"ఏటి కావాల?"

"అసిరీ, తప్పైపోనాది, అను. సిన్న మాటే. అరగంట పట్టదు."

"సారా మల్లీ కాయాల. కట్టెలు కొట్టడానికి రా."

"అను బావా. ఎవులూ ఇనరు."

వాళ్ళావిడ గుమ్మం దగ్గర నిలబడి వింటోంది. అయినా అన్నాను. ఇంకోసారి అనమన్నాడు. గొడ్డలి తీసి చేతిలో పెట్టాను.

"బట్టీ మీకొస్తాదంట," అన్నాను.

"మాకొద్దు బావా. నా పెల్లాం సేతిలో కోడిగుడ్డు కూడా మాడిపోద్ది. అప్పకి కన్ను బాగైపోవాల, లేకపోతే ఈ ఊరి బండికి గంజే గతి."

గుమ్మం దగ్గర నుంచి ఒక చెప్పు వచ్చి వాడి వీపుకు తగిలింది.

శుద్ధ త్రయోదశి

ఆకాశం తెలుపు. తూర్పున మబ్బు. మబ్బంటే కొంచెం మురికి తెలుపు. వానలు తొందరపడుతున్నాయి.

టాంకులోది కూడా దించి, నీరు సారా అంతా మళ్ళీ బట్టీలో పోసి కాచాము. అసిరయ్య కట్టెలు చూశాడు. వినీల గాజు గొట్టం తెచ్చి పాక బయట కూర్చుంది. ఆ గొట్టం ఉండగా గొంగడి ఎందుకని అడిగాను. ఒక్కో గరిటెకు గొట్టం వేస్తే సగం సారా ఆవిరైపోతుందని, ఆపే చోటు మంటే చెప్పాలని సింహాచలమ్మ అంది. గొంగడి కింద ఆమె పక్కన నేను దూరాను. ఇద్దరికి చాలదు. ఆమె భుజం నా భుజానికి తగులుతూనే ఉంది.

మొదటి గరిటె ముట్టించాను.

"ఏటి రంగు?"

"నీలం."

"ఎలగ నీలం?"

"నీలం అంటే నీలమే."

"నీలంలో ఎన్ని నేవు! ఉప్పునీల్ల నీలమా, నెమలి మెడ నీలమా? మొదట్లో ఉన్నాదా, కొస దాకా ఉన్నాదా? కొస వొనుకుతందా?"

ఇన్నేళ్ళు ఈమె గొంగడి కింద ఇదంతా చూస్తోందని నాకు తెలియదు. గరిటెను చూసి వచ్చినంత చెప్పాను. మొదలు కనబడనంత పలచన, నడుమ నెమలి మెడ, కొస వంకాయ తొక్క.

"వొంకాయ తొక్కంటే బావుంది," అంది. "ఇంకా పట్టు."

అలా గరిటె తరువాత గరిటె. నాకు మాటలు అయిపోయాయి, ఉన్నవాటినే మళ్ళీ వాడాను. ఒకసారి తప్పు చెప్పాను. ఆమె గరిటె దగ్గర వాసన చూసి, "సరీగా సూడు," అంది. మళ్ళీ చూస్తే కొసలో పసుపు జీర ఉంది, వెంట్రుకంత. "ఉన్నాది" అన్నాను. "ఆపీ" అంది. డబ్బా తీసేశాను.

వినీల గొట్టం తేల్చి చూసి తల ఊపింది. డబ్బాలు బండికి అందించేటప్పుడు ఎవరూ మూత తెరవలేదు. నేలతల్లి ఒక రోజు పస్తుంటుంది.

సాయంత్రం ఆ తెల్ల కారు సెన్సార్ విప్పి పాతది తిరిగి బిగించాను. మొదటి మలుపు దాటి రెండో మలుపు దాకా ఎక్కి వచ్చాము. లైటు వెలగలేదు.

శుద్ధ చతుర్దశి

ఆకాశం తెలుపు. కింద గాలి లేదు, ఘాటీలో ఉంది. బయలుదేరే ముందు టైర్లలో గాలి చూశాను.

సింహాచలమ్మ ముందు సీటులో, నేను వెనక డబ్బాల మధ్య. అసిరయ్య మలుపు మలుపుకూ హారన్ కొడుతున్నాడు. ఎదురొచ్చే బండి ఈ లోకంలో లేదని చెప్పాను. ఉంటే ఏటి సేస్తావు అన్నాడు. సగం పైగా ఎక్కాక ఇంజన్ చల్లబడడానికి ఆపాము. పసుపు లైటు ఇప్పటిదాకా వెలగలేదు. వేడి మామూలుగా ఉంది. రాత చక్కగా లేదు, పుస్తకం మోకాలి మీద ఉంది.

అసిరయ్య ముఖం కడుక్కోవడానికి ఊట దగ్గరికి వెళ్ళాడు.

"ఏటి రాస్తన్నావు?" అంది సింహాచలమ్మ.

"సారా ఎంత కాలిందో."

"అది తరవాత రాసుకో. ఇక్కడ ఏటి కనబడతంది?"

"ఏటీ నేదు. లోయ."

"లోయలో?"

"చెట్లు."

"నిన్న ఒక్క గరిటెడు మంట గురించి అంత సెప్పినావు," అంది. "ఈ లోయంతటికీ ఒక్క మాటేనేటి? రేపు ఆ డాక్టరు ఏటి సేస్తాడో, ఏటి అవుద్దో. సెప్పు."

టాంకులో కొలకర్ర దించి చూడాలి. ఇంకా చూడలేదు. ఆమె ముఖం లోయ వైపు లేదు, కొండ వైపు తిరిగి ఉంది. దిగి వచ్చి భుజం పట్టుకుని ఇటు తిప్పాను. చెట్లు లోయ అడుగు దాకా ఉన్నాయి, తరువాత పాత రోడ్డు ముక్క, దాని మీద తెల్ల కొంగలు బారుగా. ఉప్పు మొదలైన చోట నీటికీ ఆకాశానికీ మధ్య గీత లేదు. అక్కడ ఒక పడవ, కాదు, రెండు. ముందరి దానికి తెరచాప ఎర్రగా, ఎలగ ఎరుపంటే...